జమ పక్క

అనగనగా నంగలి గుట్టల వార ఒక పెద్ద బీడు ఉండేది. నాలుగు చినుకులు పడితే మోకాలెత్తు గడ్డి లేచేది. గుట్ట మీద గొడ్లు కాచుకుని బతికేవాళ్ళకు ఆ బీడే ఆస్తి. పట్టా చూపించమంటే వాళ్ళ దగ్గర లేదు. తాతల కాలం నుంచి తమ ఆవులు మేసిన చోటు ఇంకొకరిది ఎట్లా అవుతుందన్నది వాళ్ళకు అర్థం కాని సంగతి.

ఒకనాడు ముళబాగిలు నుంచి గుర్రమెక్కి ఒక దొర వచ్చాడు. చేతిలో కాగితం ఉంది. బీడు తనదన్నాడు. చెరకు నాటి, గానుగ పెట్టి, బెల్లం వండిస్తానన్నాడు. గుట్టవాళ్ళను పిలిచి, "దినానికి సేరు రాగులిస్తా, పనిలోకి రండి" అన్నాడు.

గుట్ట పెద్ద నవ్వాడు. "మా ఆవులు పాలిస్తా ఉండగా నీ గానుగ చుట్టూ మేమెందుకు తిరగాలప్పా?"

దొరకు కోపం రాలేదు. లాభం లెక్క వేసుకునేవాడికి కోపం తక్కువగా వస్తుంది. ఆ ఏడు మొగిలి కనుమ కింద వానల్లేవని విని, మనిషిని పంపాడు. అయిదేండ్లు పనిచేస్తే చాలు, తర్వాత మీ ఇష్టం అని చెప్పించి, కొన్ని ఇళ్ళవాళ్ళను పిల్లాజెల్లాతో బండ్లెక్కించి కనుమ పైకి తెప్పించాడు.

వాళ్ళతో చేయించిన మొదటి పని కంచె. బీడు చుట్టూ కందకం తవ్వించి, కందకం గట్టున కిత్తనార నాటించాడు. గుట్టవాళ్ళు పై నుంచి చూస్తూనే ఉన్నారు. గునపం పట్టిన చేతులు కనిపించాయి. కాగితం పట్టిన చెయ్యి ముళబాగిలులో ఉంది, కనిపించలేదు. కోపమంతా గునపాల మీదికి మళ్ళింది.

మేత పోయిన ఆవులు రాత్రిపూట కందకం దాటి చెరకులో పడేవి. పొద్దున దొర గుమాస్తా వచ్చి, విరిగిన గెడలు లెక్కపెట్టి, ఆ మేరకు పనివాళ్ళ రాగుల్లో కోత పెట్టేవాడు. గుట్టవాళ్ళు కనిపిస్తే దొర, "మీ గొడ్లను కట్టేస్తున్నది నేను కాదు, ఆ కిందివాళ్ళు" అనేవాడు. పనివాళ్ళతో, "నేను లేకుంటే ఆ గుట్టవాళ్ళు మిమ్మల్ని బతకనిస్తారా?" అనేవాడు. ఈ రెండు మాటలకూ అతనికి దమ్మిడీ ఖర్చు లేదు. కందకం ఎక్కడైనా పూడిపోవచ్చుగాని ఆ మాటలు మాత్రం ఏ వానకూ కొట్టుకుపోలేదు.

పనివాళ్ళకు కూలి తక్కువైన బాధ ఒకటి, తమ పాట వినబడని బాధ ఇంకొకటి. చావుకు పాడేవాడు లేడు. పిల్లకు పేరు పెట్టేవాడు లేడు. కనుమ దిగే బండివాడితో కబురు పంపారు: "మన పాటలు వచ్చినవాణ్ణి ఒకణ్ణి పంపండి. సంగటి మేం పెడతాం."

కింది ఊళ్ళలో డబ్బున్నవాళ్ళెవరూ లేరు. ఆడవాళ్ళు మాట్లాడుకుని, పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు రాగులు పక్క కుండలో వేయడం మొదలుపెట్టారు. నిండిన కుండలన్నీ ఒక పెద్దాయన ఇంట్లో కొలిచేవాళ్ళు. ఆయనను అందరూ లెక్కల తాత అనేవాళ్ళు. తాత దగ్గర ఒక చిట్టా ఉండేది. ఎవరికి ఎంత పంపామన్నది ఖర్చు పక్క రాసేవాడు. పంపేవాళ్ళకు తిరిగి వచ్చేదేమీ లేదు కనుక జమ పక్క కాగితం ఖాళీగా ఉండేది.

ఆ పిడికెళ్ళ మీద ఒక అయ్యవారు, ఆయన భార్య, ఆరేళ్ళ కూతురు కనుమెక్కారు.

అయ్యవారు మంచివాడు, కాస్త పిరికివాడు. సాయంత్రం కానుగ చెట్టు కింద పాట నేర్పేవాడు, ఇసకలో అక్షరాలు దిద్దించేవాడు. గుమాస్తా కొలతలో మోసం చేస్తే, పనివాళ్ళ తరఫున వినయంగా ఒక అర్జీ రాసేవాడు. ఆయన భార్య కాన్పులు చూసేది, జ్వరాలకు కషాయం కాచేది. వచ్చిన మొదటి రోజే పనివాళ్ళు ఆ ఇద్దరికీ ఒక మాట చెప్పారు: "కంచెకు అవతలి వాండ్లతో మనకు సంబంధం లేదు." అయ్యవారు తలూపాడు. ఆమె ఊపిందో లేదో ఎవరూ చూడలేదు.

ఆ ఏడు ముసురు ఎక్కువైంది. కనుమ దారి తెగిపోయింది. కింది నుంచి రావాల్సిన రాగుల మూట ఒక నెల రాలేదు, రెండో నెల రాలేదు, మూడో నెలా రాలేదు. సంగటి పెడతామన్న పనివాళ్ళకే కోతలు పోగా మిగిలింది చాలడంలేదు. అడిగేందుకు అయ్యవారికి నోరు రాలేదు. రాత్రి కూతురు ఆకలికి ఏడ్చేది. తల్లి నీళ్ళు తాగించి పడుకోబెట్టేది.

ఒక తెల్లవారుజామున ఆమె ముంతెడు పాలు తెచ్చి కాచింది. అయ్యవారు, "ఎక్కడివి?" అన్నాడు. "ఎవరో ఇచ్చినారు" అంది. ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం. మర్నాడూ పాలు వచ్చాయి. ఆ తర్వాతా వచ్చాయి.

ఇట్లా జరుగుతుండగా ఒక చీకటి వేళ కందకం దగ్గర గోల. కాపలా వాడు గుట్ట పిల్లవాణ్ణి ఒకణ్ణి దొంగ అనుకుని దుడ్డుకర్రతో కొట్టాడు. పిల్లవాడు కందకంలో పడ్డాడు, కాలు విరిగింది. పనివాళ్ళు గుమిగూడారు. "దూడను చెరకులోకి తోలేందుకు వచ్చినాడు. ఈణ్ణి ముట్టుకోవద్దమ్మా, ఈళ్ళ గొడ్ల వల్లే మా పిల్లలు పస్తులుండేది" అన్నారు. అయ్యవారు భార్య కొంగు పట్టుకుని లాగాడు. ఆమె కొంగు ఆయన చేతిలోనే వదిలేసినంత పని చేసి కందకంలోకి దిగింది. పిల్లవాణ్ణి గుడిసెలోకి తెచ్చి, వెదురు బద్దలు పెట్టి కాలికి కట్టు కట్టింది. కుదిరేదాకా తన దగ్గరే ఉంచుకుంది.

పనివాళ్ళకు మండింది. దారి బాగుపడగానే కిందికి కబురు పోయింది: "మీ ఆడవాండ్లు నోరు కట్టుకుని దాచిన పిడికెళ్ళు ఇక్కడ గుట్టవాండ్లు తింటా ఉండారు."

లెక్కల తాత స్వయంగా కనుమెక్కాడు. మూడు నెలల బాకీ మూట బండిలో, చిట్టా చంకలో. కానుగ చెట్టు కింద అందరినీ కూర్చోబెట్టాడు.

"అయ్యవారూ, మనవాళ్ళ కోసమని మిమ్మల్ని పంపినాం. ఆ పిల్లోడు మనవాడా?"

అయ్యవారు నేలచూపులు చూశాడు. భార్య ముందుకొచ్చింది.

"తాతా, నీ చిట్టా తీసి ఒకటి చూడు. ఈ మూడు నెలలూ మాకు నువ్వు పంపిందెంత?"

తాత పేజీ తిప్పాడు. "దారి తెగింది గదమ్మా. ఏమీ లేదు."

"మరి మేమెట్లా బతికినామని అడగవా?"

తాత అడగలేదు. ఆమె కంచె వైపు తిరిగి కేకేసింది. కిత్తనార సందులో నుంచి ఒక ముసలామె వచ్చింది. చేతిలో ముంత. కాలు విరిగిన పిల్లవాడు ఆమె మనవడు. ఆమె నడుము వంగదు కనుక రోజూ చీకటితో ముంత తెచ్చి కందకం గట్టున పెట్టి వెళ్ళేది వాడే. ఆ వేళ దూడ కోసం రాలేదు వాడు. కందకంలో పగిలిన ముంత పెంకులు ఎండిన బురదలో ఇంకా అట్లాగే ఉన్నాయి. కాపలా వాడు లేచి పక్కకు పోయి నిలబడ్డాడు.

తాత గొంతు సవరించుకుని, "ఎందుకు పోసినావవ్వా? మేం మీ బీడు ఆక్రమించినోళ్ళం గదా" అన్నాడు.

"ఈ పిల్ల రేయంతా ఏడ్చేది నాయనా. ఆ ఏడుపుకు మా దూడలు బెదురుకుంటా ఉన్నాయి. పాలు పోస్తే ఊరుకునింది" అంది అవ్వ. అంతకంటే పెద్ద కారణం ఆమె దగ్గర లేదు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తాత చిట్టా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా తెల్లగా ఉన్న పక్కన కలం పెట్టి, "గుట్ట నుంచి, మూడు నెలలు, దినానికి ముంతెడు పాలు" అని రాశాడు. పక్కనే కాపలా వాడి పద్దు కూడా రాశాడు: "బదులుగా, ఒక కాలు." ఇది ఏ పక్క రాయాలో తెలియక గీత మీద రాశాడు.

కంచెలో సందు ఉన్న సంగతి దొరదాకా పోయింది. పూడ్చమన్నాడు. పనివాళ్ళు కిత్తనార పిలకలు తెచ్చి వరసగా నాటారు. రెండు పిలకల మధ్య ముంత పట్టేంత ఎడం మాత్రం వదిలారు. దొర గుర్రం మీద వచ్చి కంచె పొడుగునా చూసుకుని, బాగుందని వెళ్ళాడు. గుర్రం మీద నుంచి ఆ ఎడం కనబడదు.

నీతి

నీతి ఒక్క వాక్యంలో చెప్పాలన్నది ఆనవాయితీ, కనుక చెప్పేస్తాను: సేవ చేయడానికి వెళ్ళినవాడు తాను పెట్టినది రాసుకున్నంత శ్రద్ధగా తాను తిన్నది కూడా రాసుకోవాలి. ఆ వాక్యంతో చిన్నపిల్లలకు కథ ముగించవచ్చు. పెద్దవాళ్ళకు ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే కథ కల్పితమేగాని కంచె కల్పితం కాదు.

ఆ కంచె దక్షిణాఫ్రికాలో నేటాల్ అనే చోట ఉండేది. అక్కడి జూలూలకు ఆవులే సంపద. చెరకు తోటల తెల్లదొరలు ఇచ్చే కూలికి వాళ్ళు రామన్నారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా లక్షా యాభై వేలకు పైగా మనుషులు ఇండియా నుంచి ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వెళ్ళారు. ఒప్పందం అయిదేళ్ళు, మొదటి సంవత్సరం కూలి నెలకు పది షిల్లింగులు. మద్రాసులో ఓడెక్కినవాళ్ళలో గంజాం, విశాఖపట్నంవాళ్ళతోపాటు నంగలి పక్కనున్న ఉత్తర ఆర్కాటువాళ్ళూ ఉన్నారు. అప్పటికి చిత్తూరు ప్రత్యేక జిల్లా కాలేదు, పలమనేరు, పుంగనూరు ఆర్కాటు కిందివే. 1876-78 కరువులో మైసూరు సంస్థానం తన జనంలో అయిదో వంతును పోగొట్టుకుంది. కోలారు పరిసరాల్లో కూలికోసం ఎటైనా పోవడానికి జనం సిద్ధపడ్డ కాలం అది. కొందరు ఓడెక్కారు. ఇంకొన్నాళ్ళకు, 1880 తర్వాత, జాన్ టేలర్ కంపెనీ బంగారు గనులు తవ్వడం మొదలుపెడితే ఎందరో కోలారు గనుల్లోకి దిగారు. ఒకే ఊరివాళ్ళు ఇటు గనిలోకీ అటు చెరకులోకీ చీలిపోయిన రోజులవి.

నేటాల్ ఉత్తర తీరాన కియర్స్‌నీ అనే తోట ఉండేది. జేమ్స్ హ్యూలెట్ అనే దొరది, తేయాకు తోట. జూలూ రాజు షాకా కట్టించుకున్న రాజధాని, ఆయన సమాధి ఉన్న స్టాంగర్ అక్కడికి దగ్గరే. ఆ తోట కూలీల్లో తెలుగు బాప్టిస్టులు ఉన్నారు. ఆదివారం తమంతట తామే కూడి పాడుకునేవాళ్ళు. కాపరిని పంపమని నెల్లూరుకు రాశారు. 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు జాన్ రంగయ్యను పంపాయి. ఆ ఏడు డిసెంబరులోనే కియర్స్‌నీలో సంఘం ఏర్పడింది. ఆయన నేటాల్ తోటల్లో తిరిగి సంఘాలు కట్టి, 1915లో అక్కడే కన్నుమూశాడు.

నన్ను ఆపేది ఇందులో ఒకటే. నెల్లూరుకు, ఒంగోలుకు క్రైస్తవం తెచ్చింది అమెరికా బాప్టిస్టులు. ఆ సంఘాల్లో ఎక్కువమంది ఊరి బయటి పేదలు. ఒకరి దానంతో బతుకుతున్నారని లోకం అనుకునేవాళ్ళు, సముద్రం దాటించి తమ మనిషిని తామే పంపుకున్నారు. తెలుగు క్రైస్తవుల చరిత్రలో దీనికి దక్కాల్సినంత చోటు దక్కలేదనే నా అభిప్రాయం. అమెరికా నుంచి వచ్చిన డేలు, జ్యువెట్లు, క్లౌల పేర్లు మనకు నోటికి వచ్చు. రంగయ్య పేరు చెప్పమంటే ఆగుతాం.

అయితే రంగయ్య వెళ్ళింది తెలుగువాళ్ళ కోసం. చుట్టూ ఉన్నది జూలూలు. మన కూలీలు వాళ్ళ దగ్గర తీసుకున్నది ఏ చిట్టాలోనూ కనబడదు. దొర ఇచ్చే బియ్యం చాలక, దొరక్క, మొక్కజొన్న నూకతో కడుపు నింపుకోవడం నేర్చారు. జూలూలు పొడిపొడిగా వండే మొక్కజొన్న పిండిని, అంటే ఫూతును, పులిసిన పాలతో తినడం నేర్చారు. ఇవాళ్టికీ దక్షిణాఫ్రికాలోని మనవాళ్ళ ఇళ్ళలో అది సొంత వంటే. సంగటి తిని పెరిగిన నోటికి అదేమంత కొత్త కాదేమో. తోటలో, వంటింట్లో, అంగట్లో జూలూలతో మాట్లాడటానికి జూలూ పదాలతో అల్లిన ఫనగలో అనే కలగలుపు భాష అందరి నోటా ఆడింది. రంగయ్య సంఘంలో సాయంత్రం తెలుగులో ప్రార్థన చేసినవాళ్ళు పగలంతా ఇట్లాంటి మాటలతోనే పని జరుపుకుని ఉంటారు.

తెల్ల మిషనరీల సంగతి కూడా చూద్దాం. అమెరికన్ బోర్డు అనే సంస్థ 1835లో నేటాల్‌కు మనుషులను పంపింది. డాక్టర్ జాన్ స్కడర్‌ను సిలోనుకూ, తర్వాత మద్రాసుకూ పంపింది ఆ బోర్డే. ఆయన కొడుకులు ఆర్కాటు మిషన్ పెట్టారు. మనవరాలు ఐడా వేలూరు ఆసుపత్రి కట్టింది. నేటాల్ వెళ్ళినవాళ్ళు పదేళ్ళకుపైగా బోధిస్తేగాని మొదటి జూలూ సభ్యురాలు చేరలేదు. ఆ పదేళ్ళూ వాళ్ళకు భాష నేర్పింది ఎవరు, దారి చూపింది ఎవరు, జ్వరం వస్తే నీళ్ళిచ్చింది ఎవరు? 1883లో జూలూ బైబిలు మొత్తం అచ్చయింది. మాటమాటకూ పక్కన కూర్చుని సరిదిద్దిన జూలూల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఒక కుటుంబం మాత్రం జమ రాసింది, మూల్యమూ చెల్లించింది. జాన్ విలియం కొలెన్సో నేటాల్‌కు మొదటి ఆంగ్లికన్ బిషప్పు. 1855లో భార్యాబిడ్డలతో వచ్చి స్థిరపడ్డాడు. బైబిలును జూలూలోకి మారుస్తుండగా, సహాయకుడు విలియం ఎన్‌గిడీ నోవా ఓడ కథ దగ్గర ఆగి, ఇదంతా నిజంగా జరిగిందా అని అడిగాడు. అవునని చెప్పి పేజీ తిప్పేయడం బిషప్పుకు పెద్ద పనేం కాదు. ఆయన చెప్పలేకపోయాడు. కూర్చుని లెక్కలు వేసి, పాత నిబంధనలోని మొదటి గ్రంథాలను అక్షరాలా చరిత్రగా తీసుకోలేమని 1862 నుంచి పుస్తకాలు రాశాడు. ఆ ప్రశ్న తనకు ఒక జూలూ నుంచి వచ్చిందని దాచలేదు. లండనులో నవ్వారు. మతం మార్చడానికి పోయిన బిషప్పును జూలూయే మార్చేశాడని ఎగతాళి చేశారు. 1863లో చర్చి పెద్దలు కేప్‌టౌనులో విచారించి పదవి నుంచి తీసేశామన్నారు, తర్వాత వెలివేశారు. లండనులోని ప్రివీ కౌన్సిల్ ఆ తొలగింపు చెల్లదంది. కానీ తోటి గురువులు చాలామంది ఆయన గడప తొక్కలేదు.

1873లో లంగలిబలేలే అనే నాయకుణ్ణి నేటాల్ ప్రభుత్వం పట్టుకుని, అన్యాయపు విచారణ జరిపి రాబెన్ ద్వీపానికి పంపితే, తెల్లవాళ్ళలో గట్టిగా అడ్డం తిరిగినవాడు ఈ బిషప్పే. 1879లో జూలూలాండ్ మీద ఇంగ్లీషు సైన్యం చేసిన యుద్ధాన్ని ఆయన తప్పుపట్టాడు. 1883లో ఆయన పోయాక కూతురు హారియెట్ ఆ పని అందుకుంది. జూలూ రాకుమారుడు దినుజులును సెయింట్ హెలెనాకు పంపితే, విడిపించడానికి ఇంగ్లండు తిరిగి ఏళ్ళతరబడి వాదించింది. పెళ్ళి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. బోధించడానికి వచ్చిన ఇంట్లో రెండు తరాలు విన్నదాన్ని బట్టి నడుచుకున్నాయి. మిషనరీ కుటుంబాల చరిత్రల్లో ఇట్లాంటిది అరుదు.

1906లో ఒక్కో తలకు పౌను పన్ను వేస్తే జూలూలు తిరగబడ్డారు. స్టాంగర్, మపుములో ప్రాంతాల్లోనూ మంటలు లేచాయి. అంటే రంగయ్య ఉన్న తోటకు దగ్గరే. గాంధీ అప్పుడు ప్రభుత్వం తరఫున ఇరవైమందికి పైగా మనుషులతో గాయపడ్డవాళ్ళను మోసే దళం పెట్టాడు. ఎవరి పక్షాన వెళ్ళాడన్నది ఆయన్ను ఆ తర్వాతా వదలని ప్రశ్న. కానీ అక్కడ ఆయన చూసింది కొరడా దెబ్బలకు చీము పట్టిన జూలూ వీపులను. తెల్లవాళ్ళు ముట్టుకోబోమన్న ఆ పుండ్లను కడిగింది ఈ దళం. దళంలో నలుగురు గుజరాతీలు, ఒక పఠాను పోగా మిగిలినవాళ్ళంతా కూలీ ఒప్పందం ముగించుకున్న దక్షిణాదివాళ్ళని గాంధీయే తన ఆత్మకథలో రాశాడు. అదే గునపం చేతులు. వాళ్ళ పేర్లను మన చరిత్ర పుస్తకాలు పట్టించుకోలేదు.

అయినా దొర మాటలు నిలిచే ఉన్నాయి. 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికనులకూ ఇండియన్లకూ మధ్య చెలరేగిన కొట్లాటల్లో 142 మంది చచ్చిపోయారు. చట్టాలు చేసిన తెల్లవాళ్ళు దూరంగా ఉన్నారు. అంగడి నడిపేవాడు, బస్సు తోలేవాడు కళ్ళ ముందున్నారు.

స్టాంగర్‌కు దగ్గర్లోనే, అమెరికన్ బోర్డువాళ్ళు కట్టిన గ్రౌట్‌విల్ అనే మిషన్ ఊళ్ళో ఆల్బర్ట్ లుతూలీ ఉండేవాడు. జూలూ, క్రైస్తవుడు, ఊరి ముఖ్యుడు. 1938 డిసెంబరులో ప్రపంచ మిషనరీల మహాసభకని మద్రాసు తాంబరానికి వచ్చాడు. ఒకప్పుడు మన కూలీలు ఓడెక్కిన మద్రాసుకే జూలూ ప్రతినిధిగా వచ్చి, తెల్లవాళ్ళతో సమానంగా కూర్చున్నాడు. తర్వాత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడై, ఇండియన్ నాయకులతో చేతులు కలిపి నడిచాడు. 1960 సంవత్సరానికి నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు.

నంగలికి వద్దాం. ఇటు పక్క మిషన్ల చరిత్రా చిన్నది కాదు. ఆ పెద్ద కరువులో కోలారులో అనాథ పిల్లలను చేరదీసిన మిస్ యాన్‌స్టే అనే ఇంగ్లీషు ఆమె, 1890లో ఆ పనిని అమెరికన్ మెథడిస్టులకు అప్పగించింది. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళకు ఈటీసీఎం ఆసుపత్రిగా తెలిసింది ఆ మెథడిస్టులు పెట్టినదే. వాళ్ళ మేలు మనం చెప్పుకుంటూనే ఉన్నాం. ఆ అనాథలు పెద్దవాళ్ళయ్యాక మిషన్‌కు ఏమిచ్చారన్నది ఎవరైనా కూర్చుని రాస్తే చదవాలని నాకు ఆశ.

అసలు నాకు గుచ్చుకునేది ఇంకొకటి ఉంది. నేటాల్‌లో మనం కందకం తవ్విన పక్కన ఉన్నాం. ఇప్పుడు నంగలి మీదుగా పోయే హైవే మీద, కోలారు దాటితే వచ్చే నరసాపుర కంపెనీల చుట్టూ చూస్తే, మనం గుట్ట మీద ఉన్నాం. ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కుర్రవాళ్ళు అక్కడ షిఫ్టులు చేస్తున్నారు. "వీళ్ళు తక్కువకు ఒప్పుకుంటారు గనకే మా పిల్లలకు పనుల్లేవు" అని టీ అంగడి దగ్గర వినబడుతుంది. పని ఎవరికి ఎంతకు ఇవ్వాలో నిర్ణయించేవాడు టీ అంగడికి రాడు. ఆ కుర్రవాళ్ళకు వరసగా రేకుల గదులు కట్టించి ఇచ్చి, నెల నెలా అద్దె తీసుకుని, ఆ డబ్బుతో ఎండిన బోరు అప్పు తీర్చుకుంటున్నవాళ్ళు కూడా ఆ గొణిగేవాళ్ళలో ఉన్నారు.